ఉప్పు వేసే చెయ్యి

మా కూర్మనాథం బావ ఏ విషయంలోనైనా ఎదుటివాడి మాట వింటాడు, ఒక్క ఉప్పు విషయంలో తప్ప. సోంపేట చుట్టుపక్కల ఉద్దానం ఊళ్లలో పెళ్లివంట అంటే ఆయనదే. ఆయన పనసకాయ కూర ఉడుకుతుంటే బారువ రోడ్డు మీద ఆటోలు వాటంతటవే నెమ్మదిస్తాయని చెప్పుకుంటారు. అలా చెప్పుకునేవాళ్లలో మొదటివాడు ఆయనే అనుకోండి.

నేను వరహాలుని, ఆయన బావమరిదిని. సోంపేటలో నాకు షామియానా కొట్టుంది. టెంట్లు, కుర్చీలు, వంట గుండిగలు అద్దెకిస్తాను. బావ ఎక్కడ వండితే నా సామాను అక్కడికి వెళ్తుంది, సామాను వెనకాలే నేనూ వెళ్తాను. అక్క పైడమ్మని ఆయనకిచ్చి మా నాన్న ఒకసారి ఇరుక్కుంటే, గుండిగలిచ్చి నేను ప్రతి ముహూర్తానికీ ఇరుక్కుంటున్నాను.

ఆయన వంటలో కూరలు తరిగేది వేరేవాళ్లు, మసాలా నూరేది వేరేవాళ్లు, గాడిపొయ్యి దగ్గర పొగలో కళ్లు నులుముకునేది వేరేవాళ్లు. ఉప్పు మాత్రం ఆయనే వెయ్యాలి. అది కూడా నౌపడ రాళ్లుప్పే కావాలి. ప్యాకెట్లో వచ్చే మెత్తటి ఉప్పుని ఆయన మందుల షాపు సరుకు అంటాడు. కూర కుతకుతలాడే వేళకి పొగలోంచి ఆయన లేచి వస్తాడు, కళ్లు మూసుకుంటాడు, పిడికిలి నింపుతాడు, గుండిగ చుట్టూ తిరుగుతూ చల్లుతాడు. మేమంతా చేస్తున్న పని ఆపి నిలబడాలి. ఎవరైనా దగ్గారంటే ఆ ముహూర్తానికి వాడి పని సరి.

పైగా రుచి చూడకూడదు. మొదటి పళ్లెం దేవుడికి, ఆ తర్వాత పెళ్లివారికి, అందరూ లేచాక గానీ వంటవాడి నాలుకకి వంతు రాదు. అది ఆయన గురువుగారి దగ్గర్నుంచి వచ్చిన నియమం. రుచి చూసి ఉప్పేసేవాడికీ కాపీ కొట్టి పరీక్ష రాసేవాడికీ తేడా లేదంటాడు. మరి ఎంత వెయ్యాలో ఎలా తెలుస్తుందని అడిగితే, అనుభవం అని ఒక్క మాట చెప్పి ఆకాశంకేసి చూస్తాడు. ఆ అనుభవం ఆయనకి అక్కణ్నుంచే దిగిందేమో అనుకుని మేమూ ఒకసారి పైకి చూసి ఊరుకుంటాం.

ఇన్నాళ్లూ ఎవరూ ఇబ్బంది పడలేదు. ఇబ్బందల్లా మా మేనకోడలు ప్రమోదినికి వచ్చింది.

ప్రమోదిని అక్కాబావలకి లేకలేక పుట్టిన పిల్ల. చిన్నప్పటి నుంచీ బొమ్మలతో కంటే గరిటెలతోనే ఎక్కువ ఆడింది. ఇంటర్ అయ్యాక పట్టుబట్టి విశాఖపట్నంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది. అక్కడ ప్రాక్టికల్ అంటే ఒక సారు ఒక పెనం మీద ఒక ఆమ్లెట్ వేస్తుంటే క్లాసంతా గోడకి ఆనుకుని చూడటమట. ఆమ్లెట్ సారే తినేవారట. చదువయ్యాక హోటళ్లకి వెళ్తే అనుభవం లేదన్నారు. సరే, అనుభవం మా ఇంట్లోనే గుండిగల కొద్దీ ఉంది కదా అని ఇంటికొచ్చేసింది. ఇక్కడ నాన్న ఉప్పేస్తుంటే పందిరి గుంజకి ఆనుకుని చూసింది. గోడకి బదులు గుంజ వచ్చింది, అంతే తేడా.

ఉప్పు తప్ప అన్నీ నేర్చుకుంది. పనసకాయ తొక్క తీసి ముక్కలు కొడితే అన్నీ ఒక అచ్చులో పోసినట్టుంటాయి. పులిహోర కలిపినా, పప్పు ఎనిపినా పేరు పెట్టనక్కర్లేదు. ఈలోగా బావకి మోకాళ్లు పోయాయి. పలాసలో చూసిన డాక్టరు పొయ్యి ముందు నిలబడే పని మానెయ్యమన్నాడు. వంట బృందాన్ని ఎవరికో ఒకరికి అప్పగించాలి. బావ మనసులో ఉన్నది ఇచ్ఛాపురం సుమన్. వాడు ఇటు మన పెళ్లిళ్లకీ అటు ఒడిశా పెళ్లిళ్లకీ వండినవాడు, రెండు భాషల్లోనూ కూలీలని తిట్టగలడు. అనుభవం ఉన్నోడు అనేవాడు బావ. మా పిల్ల ముఖం ఆ మాట విన్నప్పుడల్లా చిన్నబోయేది.

ఒకరోజు నా కొట్టుకొచ్చి, మడతపెట్టిన టెంటు మీద కూచుని అంది.

"ఉప్పేత్తే గాని ఉప్పెయ్యడం రాదు మావా. వొచ్చిందాకా నాన్న ఎయ్యనీడు. మరి నాకెప్పుడొత్తాది?"

ఆ పిల్లకి ఇంట్లో చిన్న గిన్నెతో ఎంత చేతనైనా లాభం లేదు. గిన్నెలో ఉప్పు వేరు, ఊరంతా తినే గుండిగలో ఉప్పు వేరు. అది గుండిగ ముందు నిలబడి వేస్తేనే చేతికి పడుతుంది. విశాఖలో ఒక హోటల్ వాళ్లు పచ్చికూరలు కొయ్యడానికి రమ్మని పిలిచారట. వేసవి ముహూర్తాల్లోగా నాన్న ఒక్కసారైనా గుండిగ వదలకపోతే అక్కడికి పోయి దోసకాయలు చక్రాలుగా కోసుకుని బతుకుతానంది. ఉన్న ఒక్క మేనకోడలు దోసకాయల పాలవడం నేను చూడలేను. ఒక్క పెళ్లివారు ఒప్పుకుంటే బావని నేను ఒప్పిస్తానని మాటిచ్చేశాను.

మాట ఇవ్వడం తేలికే. మొదట పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ రమణమూర్తిగారి దగ్గరికి వెళ్లాను, వాళ్లమ్మాయి పెళ్లి ఉంది. ఆయన కాఫీ ఇప్పించి, ఆడపిల్లలు పైకి రావాలని చాలాసేపు చెప్పి, ముందు ఇంకెవరింట్లోనైనా ఒకసారి కానివ్వమన్నాడు. ఆ తర్వాత మాధవీలత టీచర్. చేసి నేర్చుకుందాం అని బడి గోడ మీద ఇంతింత అక్షరాలతో రాయించింది ఆవిడే. శనివారం వచ్చిందంటే పిల్లల చేత పుస్తకాల సంచులు పక్కన పెట్టించి విత్తనాలు నాటిస్తుంది. కొడుకు పెళ్లి కూర సంగతి ఎత్తేసరికి, అది బడి విషయం, ఇది భోజనాల విషయం అంది. ఇలా ఎక్కడికి వెళ్లినా కాఫీలు దొరికాయి. అనుభవం ఉన్న పిల్ల అందరికీ కావాలి. ఆ అనుభవం మాత్రం పక్కింటివాళ్ల విస్తట్లో జరగాలి.

చివరికి ఒప్పుకున్నది నేను అడగని మనిషి. బారువ దగ్గర ముసలమ్మప్ప అని ఒకావిడ ఉంది. తుఫానుకి పడగా మిగిలిన కొబ్బరితోట మధ్య ఇల్లు, ఇంటినిండా మనుషులు, అందరి మీదా ఆవిడ నోరు. మనవరాలు ఐశ్వర్యకి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకుది టెక్కలి. వంట మాట్లాడటానికి బావతోపాటు నేనూ వెళ్లాను, పందిరి కొలతలకి. నా కాఫీల కథ ఆవిడ చెవిన ఎప్పుడు పడిందో గానీ, బావ కూచోగానే పనసకాయ కూరలో ఉప్పు పిల్లే వెయ్యాలంది. బావ గొంతు సవరించుకుని అనుభవం గురించి మొదలుపెట్టాడు. ఆవిడ చివరిదాకా చెప్పనివ్వలేదు.

"నా పెల్లి వొంట గుర్తుందేటి నీకు?" అంది.

బావ లేచాడు. ఆవిడిచ్చిన తాంబూలం పుచ్చుకుని బయటికొచ్చేశాడు. బండి మీద సోంపేట దాకా ఒక్క మాట లేదు. నా జీవితంలో ఆ దారి అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఆవిడ పెళ్లినాటికి నేను పాలు తాగే పిల్లాణ్ణి, అప్పుడేం జరిగిందో నాకు తెలీదు. అడిగితే బండి చూసి తోలమన్నాడు.

ఇంటికెళ్లాక పరువు నిలబెట్టుకోవాలి కనక కూతురికి ఒక షరతు పెట్టాడు. ఉప్పు కుదిరితే బృందం తనది. కుదరకపోతే సుమన్‌ది, మళ్లీ ఆ మాట ఎత్తకూడదు. పిల్ల సరేనంది. మా అక్క ఇద్దరినీ చెరో మాట తిట్టి లోపలికి వెళ్లిపోయింది.

పెళ్లిరోజు పొద్దున్నే సుమన్ కూడా వచ్చాడు. పప్పూ పులుసూ వాడి పొయ్యి మీద, పనసకాయ కూర ప్రమోదిని పొయ్యి మీద. ముసలమ్మప్ప బావని పందిట్లో కుర్చీ వేసి కూచోబెట్టింది, వంటవైపు కొబ్బరాకు తడిక దాటి రావద్దంది. బావ కూచున్నాడు. లేచాడు. మళ్లీ కూచున్నాడు. నా కుర్చీ కాబట్టి నాకే జాలేసింది.

ప్రమోదిని చేతులు కడుక్కుని రాళ్లుప్పు బస్తా విప్పింది. పిడికిలి నింపి దానికేసి చూసుకుంది. వాళ్ల నాన్న పిడికిలిలో ఆ పిడికిలి సగం ఉంటుంది. ఆ సంగతి దానికీ తెలుసు. ఒక పిడికిలి వేసింది, ఇంకొకటి వేసింది, గుండిగ చుట్టూ తిరిగింది, కాసేపు ఆగి కూర ఉడికే చప్పుడు విని మరికాస్త చల్లింది. పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుందో లెక్క కట్టుకుందో నాకు తెలీదు. చేతులు దులుపుకుని నన్ను చూసి నవ్వింది. చదువు అయినప్పుడు కూడా ఆ పిల్ల అలా నవ్వలేదు. తర్వాత ముక్క మెత్తబడే వరకూ మంట తగ్గించమని చెప్పి, అరటాకులు చూడటానికి అవతలికి వెళ్లింది.

నేను పందిట్లోకి వచ్చేసరికి బావ నా చొక్కా పట్టుకున్నాడు. వేసిందా అన్నాడు, వేసిందన్నాను. ఎంత అన్నాడు. నాది షామియానా వ్యాపారం బావా అన్నాను. పిల్లది పిచ్చిక పిడికిలి, కూర చప్పగా చస్తుంది, మగపెళ్లివాళ్ల ముందు దాని పరువు పోతుంది అని గొణుక్కున్నాడు. కుర్చీలో చేతులు ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి. నన్ను ఎవరో కుర్చీలకోసం పిలిస్తే అటు వెళ్లాను. వెనక్కి తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ.

తడిక చుట్టూ తిరిగి పరుగెత్తాను. అప్పటికే అయిపోయింది. సుమన్ అవతల తన పొయ్యి పొగలో కళ్లు నులుముకుంటున్నాడు, మిగతావాళ్లు అరటాకుల దగ్గరున్నారు, బావ గుండిగ పక్కన నిలబడి అరచేతులు దులుపుకుంటున్నాడు. మోకాళ్లు పోయిన మనిషి అంత వేగంగా ఎలా వచ్చాడో దేవుడికెరుక.

"నోరిప్పకు. పిల్ల నవ్వులపాలు కాకూడదు," అన్నాడు.

కూతురి మీద ప్రేమతోనే చేశాడు, కాదనను. నేనూ నోరు మూసుకున్నాను. కూర్మనాథం బావ చేతి ఉప్పుని ప్రశ్నించడానికి టెంటు కట్టేవాణ్ణి నేనెవర్ని.

దేవుడి పళ్లెం వెళ్లింది. మొదటి బంతికి మగపెళ్లివారు కూచున్నారు. ముందు విస్తట్లో పెళ్లికొడుకు మేనమామ. ఎవరో కాదు, నాకు కాఫీ ఇచ్చిన రమణమూర్తిగారే. వాళ్ల వరసన ముసలమ్మప్ప కూడా ఒక ఆకు వేయించుకుని కూచుంది. రమణమూర్తిగారు పనసకాయ కూర కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమలడం నెమ్మదించింది. మర్యాదస్తుడు, మంచినీళ్లు తాగారు. పక్కాయన తాగాడు. ఆ పక్కాయనా తాగాడు. కాసేపట్లో బంతి అంతా కూర మానేసి నీళ్ల మీద పడింది. వడ్డించేవాళ్లు నీళ్ల క్యాన్ల కోసం వంటవైపు పరుగెత్తుకొచ్చారు. ఆడపిల్ల చేతికి గుండిగ ఇస్తే ఇంతే అని ఎవరో అన్నారు, తడిక అవతలికి వినపడేట్టే అన్నారు. సుమన్ నవ్వలేదు. జాలిపడ్డాడు. నవ్వినా బాగుండేది.

ప్రమోదిని గుండిగలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. వంటవాళ్లు రుచి చూడని ఆ బృందంలో అందరి ఎదుటా రుచి చూసింది మొదట ఆ పిల్లే. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఒక్క క్షణం గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆ క్షణంలో నేను నోరు తెరవాల్సింది. తెరిచేలోపే అది మోచేత్తో కళ్లు తుడుచుకుని పనిలో పడింది.

మొదటి బంతికి కూర వడ్డించడం ఆపించేసి పప్పూ పులిహోరా మళ్లీ తిప్పమంది. రాత్రి భోజనాలకని ఉప్పు లేకుండా ఉడికించి పెట్టిన పనస ముక్కలున్నాయి. అవి తెప్పించింది. గుండిగలో కూరని రెండు గుండిగలకి పంచింది. ఇంట్లో ఆడవాళ్లని కూచోబెట్టి కొబ్బరికాయలు కోరించి పాలు పిండించింది. ముక్కలు కొన్ని, పాలు కొన్ని, మళ్లీ రుచి, మళ్లీ కాస్త పాలు. కాలేజీలో ఇది చెప్పలేదు, నాన్న అసలే చెప్పలేదు. ఆయన కూరలో ఉప్పు ఎక్కువైతే గదా చెప్పడానికి. ఎవరినీ అడక్కుండా, ఎవరి మొహంకేసీ చూడకుండా చేసింది. బావ తడిక పక్కన నిలబడి అదంతా చూశాడు.

రెండో బంతి ఆ కూర తిన్నది. మళ్లీ వడ్డించమన్నది. మొదటి బంతిలో తిని చేతులు కడుక్కున్నవాళ్లు ఈ గొడవేమిటని వెనక్కొచ్చి నిలబడ్డారు, రమణమూర్తిగారితో సహా. ఒకసారి లేచాక మళ్లీ కూచోవడం ఎలాగా అని ఆయన పడ్డ అవస్థ నేను చూశాను.

బంతి లేచాక ప్రమోదిని వచ్చి గరిటె వాళ్ల నాన్న ముందు పెట్టింది.

"నువ్వు సెప్పిందే నిజిం నాన్నా. నాకు సెయ్యి కుదర్నేదు. సుమన్‌కే ఇచ్చీ," అంది.

కూర ఉడికిందని చెప్పినంత మామూలుగా అంది. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. బావ గరిటెకేసి చూశాడు, నాకేసి చూశాడు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఆయన నోరిప్పొద్దంటే చచ్చేదాకా విప్పనని ఆయనకి తెలుసు. ఎదురుగా రమణమూర్తిగారు, సుమన్, టెక్కలి పెళ్లివారు. జీవితమంతా పిడికెడు పిడికెడుగా కూడబెట్టుకున్న పేరు. ఆయన గుటకలు మింగుతుంటే ఆ కూర ఆయనే తిన్నట్టుంది.

"నీ సెయ్యి కుదిరింది," అన్నాడు చివరికి. "దాని మీద ఇంకో పిడికిలి నానేసినాను."

ప్రమోదిని వాళ్ల నాన్నని చూస్తూ ఉండిపోయింది. ఎందుకని ఆ చూపే అడిగింది.

"సెయ్యి ఆగనేదే అమ్మా," అన్నాడు బావ. తల వంచుకుని అన్నాడు. ఆయన తల వంచడం నేను చూడటం అదే మొదటిసారి.

అప్పుడు వరస చివర్నుంచి ముసలమ్మప్ప నవ్వింది. మొదటి బంతిలో వేయించుకున్న ఆకు ముందునుంచి ఆవిడ ఇంకా లేవనేలేదు, ఆకులో కూర ముక్క లేకుండా ఊడ్చి ఉంది, పక్కన చెంబు ఖాళీ.

"మొదటి ముద్దకే తెలిసిపోనాది నాకు. నా పెల్లిలో తిన్న ఉప్పే ఇది," అంది.

ఆవిడ చెప్పిన కథ ఇదీ. ఆవిడ పెళ్లికి వండింది బావ గురువుగారు. బావకి అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు. మొట్టమొదటిసారి ఉప్పు వెయ్యమని గురువుగారు ఆ పెళ్లిలోనే ఇచ్చారట. వేశాడు. ఆవిడ అత్తారివాళ్లు పెళ్లి భోజనం చేసి ఊళ్లో నుయ్యి తోడుకు తాగారట. ఆ ఉప్పు మాట ఎత్తి ఆవిణ్ణి అత్తారింట్లో ఏళ్ల తరబడి ఏడిపించారట. గురువుగారు మాత్రం మర్నాడు పొద్దున్న మళ్లీ అదే కుర్రాడి చేతికి అదే ఉప్పుకుండ ఇచ్చారు.

"ఇచ్చీసి ఆయన ఏటి సేసినాడో గుర్తుందా నీకు? సముద్రం కాడికెల్లిపోనాడు. వొంటయిందాకా రానేదు. నువ్వు తడిక ఇవతల కూడా కూకోనేకపోనావు."

బావ వంగి, మోకాళ్లు కలుక్కుమంటున్నా వంగి, గరిటె తీసి కూతురి చేతిలో పెట్టాడు. రాత్రి భోజనాలకి కూర మళ్లీ చెయ్యాలి కదా అన్నాడు. తర్వాత నా భుజం పట్టుకుని, బండి తియ్యరా అన్నాడు.

బారువ ఒడ్డున ఎండుచేపలు ఆరబెట్టే చోట నుంచి కాస్త అవతలికి పోయి కూచున్నాం. పొద్దు వాలేదాకా ఆయన పెళ్లింటివైపే మొహం పెట్టి గాలి పీల్చాడు. చేపల వాసన తప్ప ఏదీ రావడంలేదని నేను చెప్పాను. ఈపాటికి వేసి ఉంటుందన్నాడు. ఫోన్ చెయ్యమన్నాడు. ఛార్జింగ్ లేదన్నాను. ఉంది, కానీ లేదన్నాను. ఇసకలో ఆయన కుడిచెయ్యి తనంతట తనే పిడికిలి పడుతోంది, విప్పుతోంది.

తిరిగొచ్చాక జీవితంలో మొదటిసారి అతిథిలా బంతిలో కూచున్నాడు. ప్రమోదిని స్వయంగా వడ్డించి పక్కనే నిలబడింది. తిన్నాడు. రవ్వంత తక్కువైంది అన్నాడు. ఆ మాట అంటూనే మళ్లీ వడ్డించుకున్నాడు, ఆ తర్వాత ఇంకోసారి. రమణమూర్తిగారు చెయ్యి కడుక్కుంటూ తమ అమ్మాయి పెళ్లికి వంట ప్రమోదినిదే అన్నారు. అనుభవం ఉన్న పిల్ల కదా అని కూడా అన్నారు. నాకు ఆయనిచ్చిన కాఫీ గుర్తొచ్చింది.

ఇప్పుడు పెళ్లిళ్లకి బావ ఇంకా వస్తాడు. ఇంట్లో ఉండమంటే ఉండడు, వస్తే చెయ్యి ఆగదు. సముద్రం అన్ని ఊళ్లకీ దగ్గర్లో ఉండదు కదా. అందుకని మేనకోడలే ఒక ఉపాయం కనిపెట్టింది. పనసకాయ కొయ్యాలంటే జిగురు అంటకుండా చేతులకి నూనె రాసుకోవాలి. నూనే జిగురూ కలిసిన చేత్తో బావ చచ్చినా ఉప్పు ముట్టుకోడు. మొదట్లో ఉప్పు వేసే వేళ అవుతోందనగా ఆ పిల్ల నూనెగిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టేది, ఇంకో రెండు కాయలున్నాయి నాన్నా అనేది. ఆయనకి తెలీదనుకునేవాళ్లం.

మొన్న టెక్కలిలో పెళ్లి. కోయవలసిన పనసకాయలు అయిపోయాయి. ప్రమోదిని రాళ్లుప్పు బస్తా విప్పుతోంది. బావ నన్ను పిలిచాడు. కాయలు లేవు కదా బావా, ఏం కావాలి అన్నాను.

"నూనె తే," అని రెండు చేతులూ నా ముందు చాపాడు.